హంస విడిచిన నీరు

పాలును నీరును కలిపి ముందుంచినచో హంస పాలను మాత్రమే గ్రహించి నీటిని విడుచునని లోకమున ఒక నానుడి కలదు. వివేకమునకు హంసను గుర్తుగా చెప్పుటకు ఇదియే కారణము. ఐతే ఈ నానుడిలో ఎవరును ప్రశ్నింపని అంశమొకటి కలదు. విడువదగినది నీరేయని ముందుగా నిర్ణయించినవారెవరు? యర్రగొండపాలెం ప్రాంతమున నడివేసవిలో బిందెలు వరుసగా పెట్టి ట్యాంకరుకై ఎదురుచూచు ఇల్లాలికి కావలసినది హంస విడిచిన నీరే. ఆకలిగొన్న శిశువునకు పాలు సారము. దప్పిగొన్న ఊరికి నీరు సారము. ఏ వస్తువు మీదను సారమనియో అసారమనియో పేరు వ్రాసియుండదు. అడిగిన ప్రశ్నను బట్టి ఒకటి ప్రస్తుతమగును, మరియొకటి అప్రస్తుతమగును.

నేటి కంప్యూటరులకు వచ్చిన చిక్కు సరిగా ఇదియే. సమాచారమును పోగుచేయుట వానికి సులభము. పోగైనదానిలో దేనిని లెక్కకు తీసికొనవలెనో, దేనిని పక్కన పెట్టవలెనో తెలిసికొనుట కష్టము. ఒక రంగమున నిపుణులకు తెలిసిన విషయములను నియమములుగా గాని నమూనాలుగా గాని తమలో నిలుపుకొని, వాని సాయమున నిర్ణయములు చేయు వ్యవస్థలను జ్ఞానాధార వ్యవస్థలందురు. ఇట్టి వ్యవస్థను గూర్చి సాధారణముగా అడుగు ప్రశ్న "దీనికెంత తెలియును?" అనునది. అంతకంటె ముఖ్యమైన ప్రశ్నలు మూడు కలవు. ఇది దేనిని విడిచినది? ఏ కారణమున విడిచినది? విడిచినదానిని అవసరమైనపుడు తిరిగి తీసికొనగలదా? ఈ మూడు ప్రశ్నలను త్రాసుగా పట్టుకొని చూచినచో, గొప్పవని పేరుపొందిన వ్యవస్థల బరువు వేరుగా తేలును.

నల్లమలలో పులుల లెక్క

యర్రగొండపాలెమునకు చేరువనే నల్లమల అడవులు ప్రారంభమగును. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతము అక్కడనే కలదు. అడవిలో పులు లెన్ని కలవో తెలిసికొనుటకు పూర్వము అడుగుజాడలే ఆధారము. ఈ పద్ధతిని 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి ప్రవేశపెట్టెను. బాటమీద పులి పాదము పడిన గుర్తుపై గాజు పలకనుంచి, దాని ఆకారమును గీసికొని, ఒక్కొక్క ఆకారము ఒక్కొక్క పులిదని లెక్కించెడివారు. వినుటకు ఇది యుక్తముగానే యుండును. కాని తడిమట్టిలో పడిన పాదము ఒక తీరు, పొడిదుమ్ములో పడినది మరియొక తీరు. నడచిన పులి జాడ వేరు, పరుగెత్తిన పులి జాడ వేరు. ఒకే పులి రెండు పులులుగా లెక్కకెక్కవచ్చును. రెండు పులులు ఒక్కటిగా కనిపింపవచ్చును. జాడలోని భేదములలో ఏది పులికి చెందినదో, ఏది మట్టికి చెందినదో వేరుచేయలేకపోవుటయే ఆ పద్ధతికి గల ప్రధాన లోపము. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో ఒక్క పులియు మిగులలేదని తేలిన పిమ్మట ఆ పద్ధతిపై నమ్మకము సడలినది. 2006 నుండి జరిగిన గణనలలో కెమేరాలును గణాంక శాస్త్రమును ఆధారములైనవి.

ఈ పద్ధతిలో అడవిని చిన్న గడులుగా విభజింతురు. గడిలో జంతువులు తిరుగు బాటకు ఇరువైపుల రెండు కెమేరాలను ఎదురెదురుగా కట్టుదురు. పులికి కుడిపక్క చారలు ఎడమపక్క చారలతో సరిపోలవు కనుక రెండు పక్కలను పట్టవలసియుండును. వెచ్చని దేహము ఏదైనను ఎదుట కదలినచో కెమేరా దానంతటది బొమ్మ తీయును. అది పులియే కావలెనని కెమేరాకు తెలియదు. 2018 గణనలో దేశమున 26,838 స్థలములలో ఇట్లు కెమేరాలు పెట్టగా 3,48,58,623 వన్యప్రాణుల బొమ్మలు లభించినవి. వానిలో పులులవి 76,651 మాత్రమే, చిరుతలవి 51,777. అనగా ఇంచుమించు 455 బొమ్మలకు ఒక్క పులి బొమ్మ. నిమిషమునకు పది బొమ్మల వంతున, దినమునకు ఎనిమిది గంటలు, ఒక్క నాడైనను విశ్రాంతి లేక ఒక మనిషి చూచినచో ఆ పని ముగియుటకు ఇరువది యేండ్లు పట్టును.

కావుననే ఆ పనిని కంప్యూటరునకు అప్పగించిరి. మొదటి దశలో బొమ్మలను జంతుజాతుల వారీగా వేరుచేయుదురు. రెండవ దశ మరింత ఆసక్తికరమైనది. ఒకే పులి ఒక బొమ్మలో నేరుగాను, ఒక దానిలో ఏటవాలుగాను, ఒక దానిలో వంగియు కనిపించును. కంప్యూటరు పులి దేహాకారమునకు సరిపడు ఒక ఘనరూప నమూనాను బొమ్మపై తొడిగి, వంపును ఏటవాలును లెక్కనుండి తీసివేసి, చారలను మాత్రము చదునుగా పరచి చూచును. దేహము వంగును గాని చారల అమరిక మారదన్న జ్ఞానము దానికి ముందే ఇచ్చియున్నారు. ఆ జ్ఞానమే విడుచుటకు ఆధారము. ఈ విధముగా 76,651 బొమ్మలు 2,461 వేర్వేరు పులులుగా తేలినవి. గాజు పలక పద్ధతి విడువలేకపోయినదానిని ఈ పద్ధతి కారణము తెలిసి విడిచినది. ఇది నిజమైన అభివృద్ధి.

ఇంతకంటె మెచ్చదగిన విషయము మరొకటి కలదు. పులుల లెక్కకు చిరుత బొమ్మలు అప్రస్తుతములు. ఐనను వానిని పారవేయలేదు. చిరుతలుగా గుర్తించి భద్రపరచిరి. 2020లో ప్రకటింపబడిన చిరుతల నివేదిక ఆ 2018 గణనపైననే ఆధారపడినది. దేశములో చిరుతలు సుమారు 12,852 కలవని అందు అంచనా వేసిరి. పులికై అడిగినపుడు పక్కకు పోయిన బొమ్మ, చిరుతకై అడిగినపుడు మధ్యకు వచ్చినది. హంస నీటిని నేలపై పారబోయక మరొక గిన్నెలో పోసియుంచినదన్న మాట.

విడుచుట కూడ ఒక పనియే

అప్రస్తుతమును విడుచుటలో మరియొక చిక్కు కలదు. ఒక్కొక్క విషయమును పరీక్షించి "ఇది అక్కరలేదు" అని నిర్ణయించుటకు కూడ కాలము పట్టును. అమెరికా తత్త్వవేత్త డేనియల్ డెన్నెట్ 1984లో ఈ చిక్కును ఒక కల్పిత కథగా చెప్పెను. ఒక గదిలో యంత్రమనిషికి ప్రాణమైన బ్యాటరీ బండిమీద కలదు. అదే బండిమీద ప్రేలబోవు బాంబు కూడ కలదు. మొదటి యంత్రమనిషి బండిని లాగినచో బాంబు కూడ వెంట వచ్చునని ఆలోచింపక నాశనమైనది. రెండవదానిని ప్రతి పర్యవసానమును ఆలోచించునట్లు నిర్మించిరి. అది గోడల రంగు మారునా మారదా అని తర్కించుచుండగనే బాంబు ప్రేలినది. మూడవదానికి అప్రస్తుతములను విడువుమని నేర్పిరి. అది వేలకొలది అప్రస్తుతములను ఒక్కొక్కటిగా గుర్తించి విడుచు పనిలో నిమగ్నమైయుండగా కాలము మించిపోయినది.

వివేకి అన్నిటిని చూచి అన్నిటిని తిరస్కరింపడు. చాలవానివైపు చూడనే చూడడు. మార్కాపురము సంతలో ఎడ్లను బేరమాడు రైతు పళ్లు, గిట్టలు, నడక చూచును. పగ్గము రంగును చూచి కాదని తోసివేయుట అతనికి అవసరమే లేదు. ఎక్కడ చూడవలెనో తెలియుటయే అతని జ్ఞానము. కంప్యూటరులకు ఈ విద్యను నేర్పుటకు జరిగిన ప్రయత్నములలో రెండు ముఖ్యమైనవి. ఒకటి వైద్యములోనిది, రెండవది మాటను గ్రహించుటకు సంబంధించినది.

నీటిని చూడని వైద్యుడు

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1970 ప్రాంతపు దశాబ్దములో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ మైసిన్ అను వ్యవస్థను నిర్మించెను. రక్తములో చేరిన సూక్ష్మజీవుల వలన కలుగు వ్యాధులను గుర్తించి మందు సూచించుట దాని పని. నిపుణుల జ్ఞానము అందులో కొన్ని వందల నియమముల రూపమున ఉండెడిది. "ఇట్టి లక్షణములున్నచో ఇట్టి సూక్ష్మజీవి యుండవచ్చును" అనునది ఒక్కొక్క నియమము తీరు.

మైసిన్ రెండు విధములుగా అప్రస్తుతమును విడిచెడిది. మొదటిది, అది లక్ష్యమునుండి వెనుకకు నడచెడిది. ఏ సూక్ష్మజీవి అను ప్రశ్నతో మొదలిడి, దానిని తేల్చు నియమములేవో చూచి, ఆ నియమములకు కావలసిన వివరములను మాత్రమే వైద్యుని అడిగెడిది. ఏ నియమమునకును అక్కరలేని వివరము దాని నోట రానేరాదు. రెండవది, ప్రతి ఊహకును ఎంత నమ్మవచ్చునో ఒక సంఖ్య యుండెడిది. ఆ సంఖ్య 0.2కు మించనిచో ఆ ఊహను లేనట్లే భావించెడిది. ఇట్టి పొదుపుతో పనిచేసినను దాని నేర్పు తక్కువది కాదు. 1979లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో మెదడుపొరల వాపు రోగులకు అది సూచించిన చికిత్సలను, వైద్యుల సూచనలతో కలిపి, ఏది ఎవరిదో తెలుపక నిపుణులచే దిద్దించిరి. మైసిన్ సూచనలకు 65 శాతము ఆమోదము లభించినది. వ్యాధినిపుణులైన ఆచార్యులలో ఏ ఒక్కరికిని అంత రాలేదు.

ఐనను 1984లో జాన్ మెకార్తీ దీని లోపమును ఒక్క ఉదాహరణతో బయటపెట్టెను. కలరా సూక్ష్మజీవి గల రోగిని గూర్చి అడిగినచో మైసిన్ రెండు వారములు టెట్రాసైక్లిన్ ఇమ్మని మాత్రమే చెప్పును. ఆ మందు సూక్ష్మజీవులను చంపును, నిజమే. కాని అంతకు చాలముందే విరేచనములతో దేహములోని నీరు పోయి రోగి మరణించును. కలరాలో ముందుగా చేయవలసినది నీటిని, లవణములను దేహమునకు తిరిగి చేర్చుట. మైసిన్ నియమములలో సూక్ష్మజీవి కలదు, మందు కలదు, నీరు లేదు. ఇక్కడ అది నీటిని చూచి అప్రస్తుతమని విడువలేదు; నీరను విషయమొకటి కలదని దానికి తెలియనే తెలియదు. విడుచుట వేరు, ఎరుగకపోవుట వేరు. బయటి నుండి చూచువారికి రెండును ఒకే తీరుగా కనిపించుటలోనే ప్రమాదము కలదు. మొదటి రెండు ప్రశ్నలలో మైసిన్‌కు సగము మార్కులే దక్కును. ఈ వ్యవస్థ ఆసుపత్రులలో నిత్యవాడుకకు రాలేదు.

కాటూరు శాస్త్రజ్ఞుని రెండు వ్యవస్థలు

రెండవ ప్రయత్నమునకు నాయకుడు తెలుగువాడు. దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకమునకు రాజ్ రెడ్డి, 1937లో శ్రీకాళహస్తి సమీపమున కాటూరు గ్రామములో జన్మించెను. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొంది, ఆస్ట్రేలియాలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో పైని చెప్పిన మెకార్తీ వద్దనే పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందెను. 1969 నుండి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆయన కృషి సాగినది. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బౌమ్‌తో కలిసి స్వీకరించెను. గ్రామీణ విద్యార్థులకై 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు కులపతిగా కూడ ఆయన పనిచేసెను.

మనుష్యుని మాటను యంత్రము గ్రహించునట్లు చేయుట ఆయన చేపట్టిన సమస్య. మాట చెవికి అక్షరములుగా విడివడి రాదు; అది ఎడతెగని ధ్వని. ప్రతి ధ్వనికిని పలు అర్థములు సాధ్యములు. "పులి నీరు త్రాగినది" అను వాక్యమును తీసికొనుడు. మొదటి పదము గాలి హోరులో సరిగా వినబడలేదనుకొనుడు. అది "పులి" కావచ్చును, "పుల్ల" కావచ్చును. తరువాతి మాటలు విన్న పిమ్మట, పుల్ల నీరు త్రాగదు కనుక "పులి"యే సరియని తెలియును. ధ్వనిని గూర్చిన జ్ఞానము తేల్చలేనిదానిని అర్థమును గూర్చిన జ్ఞానము తేల్చును. ఆయన బృందము నిర్మించిన వ్యవస్థలు ఇంగ్లీషు మాటలను గ్రహించినవే ఐనను, వాని కీలకము ఇదియే.

ఆ బృందమునుండి 1976 నాటికి రెండు వ్యవస్థలు వెలువడినవి. రెండును 1,011 పదములు తెలిసినవి. బ్రూస్ లోవెర్ నిర్మించిన హార్పీ, చెప్పదగిన వాక్యములనన్నిటిని సుమారు 15,000 మజిలీలు గల ఒక బాటల వలగా ముందే అల్లుకొనెను. ధ్వనిని మొదటి నుండి చివరకు వినుచు, ప్రతి అడుగునను మేలైన బాటలను కొన్నింటిని మాత్రము ఉంచుకొని, వానికి చాల వెనుకబడిన బాటలను కొట్టివేసెడిది. ఈ కొట్టివేతయే దాని వేగమునకు కారణము. అర్థము తప్పుట ఇంచుమించు 5 శాతము మాత్రమే; 1971లో నిర్ణయించుకొన్న లక్ష్యము 10 శాతము లోపు. పరీక్షలో జయము హార్పీదే.

రెండవదైన హియర్‌సే–2 మార్గము వేరు. అందులో ఒక నల్లబల్ల కలదు. ధ్వని నెరిగిన భాగము, పదముల నెరిగిన భాగము, వాక్యనిర్మాణము నెరిగిన భాగము మొదలగునవి వేర్వేరు నిపుణులవలె ఆ బల్లచుట్టును చేరి, తమ తమ ఊహలను దానిపై వ్రాయును. ఒకరి ఊహను మరొకరు బలపరచవచ్చును, ఖండింపవచ్చును. అన్ని ఊహలను ఒకేసారి వెంబడించుట అసాధ్యము కనుక, తరువాత ఏ పని చేయుట ఎక్కువ లాభమో లెక్కించి శ్రద్ధను అటు మళ్లించు ఏర్పాటు కూడ కలదు. తక్కువ విలువ గల ఊహ వెంటనే చెరపబడదు. బల్లమీద ఒక మూల పడియుండును. కొత్త ఆధారము దొరకినచో తిరిగి లేచును.

ఈ భేదమును మార్కాపురము పలకలతో అక్షరములు దిద్దిన ప్రాంతమువారికి వివరింప నక్కరలేదు. హార్పీ తప్పనిపించినదానిని వెంటనే తుడిచి ముందుకు సాగు చురుకైన బాలుడు. హియర్‌సే–2 కొట్టివేసిన లెక్కను కూడ పలకమీదనే ఉంచుకొను నెమ్మది బాలుడు. హోరుగాలి వలన "పులి" మరీ వెనుకబడినచో హార్పీ దానిని తుడిచివేయును. పిదప "నీరు త్రాగినది" అని స్పష్టముగా వినబడినను తుడిచినది తిరిగి రాదు. హియర్‌సే–2 వెనుకకు తిరిగి చూడగలదు. ఐతే అందుకు మూల్యముగా ఎక్కువ కాలమును, ఎక్కువ శ్రమను చెల్లించును.

నాటి పరీక్ష కాలమును, తప్పులను లెక్కించినది కనుక హార్పీకి మొదటి స్థానమిచ్చినది. అది న్యాయమే. తరువాతి కాలపు వాగ్గ్రాహక యంత్రములలో కూడ హార్పీ వెదుకు పద్ధతియే ప్రబలినది. కాని మూడవ ప్రశ్నను త్రాసులో వేసినచో ముల్లు హియర్‌సే–2 వైపు మొగ్గును. ఒక వాక్యము తప్పుగా వినబడినచో తిరిగి చెప్పుమనవచ్చును. రోగి విషయములోను, అడవి విషయములోను తిరిగి చెప్పుమనుటకు వీలుండకపోవచ్చును. వేగము ముఖ్యమైనచోట హార్పీయు, నష్టము పెద్దదైనచోట హియర్‌సే–2యు ఆదర్శములుగా తీసికొనదగినవి. ఏ చోట ఏది తగునో నిర్ణయించుట యంత్రము పని కాదు, దానిని వాడువారి పని.

యంత్రములు, బడిపిల్లలు

నియమములను వ్రాసి యిచ్చుటకు బదులు కోట్లకొలది వాక్యములనుండి తామే నేర్చుకొను భాషాయంత్రములు తరువాత వచ్చినవి. విడుచు విద్య వానికి పూర్తిగా పట్టుబడినదా? 2024లో ఆపిల్ సంస్థ పరిశోధకులు కొన్నింటిని పరీక్షించిరి. ఒకడు మూడు దినములు కివీ పండ్లు కోసిన లెక్కలో, చివరి దినపు పండ్లలో ఐదు కొంచెము చిన్నవి అను మాటను చేర్చిరి. మొత్తమెన్ని యని ప్రశ్న. చిన్నదైనను పండు పండే, లెక్క మారదు. ఐనను కొన్ని యంత్రములు ఐదును తీసివేసినవి. ఇట్టి అక్కరలేని మాట చేర్చుటతో కొన్నింటి సాఫల్యము 65 శాతము వరకు పడిపోయినది.

యంత్రములను చూచి నవ్వుటకు ముందు ఒక పాత పరీక్షను స్మరింపవలెను. ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్‌లో 1980 ప్రాంతమున చిన్న తరగతుల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చిరి. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు కలవు. ఓడ నాయకుని వయస్సెంత? 97 మంది పిల్లలలో 76 మంది ఆ సంఖ్యలతోనే ఏదో యొక జవాబు తేల్చిరి. ఆ పిల్లలు మందమతులు కారు. పుస్తకములోని ప్రతి లెక్కలోను అవసరమైన సంఖ్యలే యుండును, అన్నింటిని వాడవలెను, జవాబు తప్పక యుండును అని బడియే వారికి నేర్పినది. పొల్లును ఏరివేసి గింజలను మాత్రమే పెట్టి, చెరుగుట ఏల రాలేదని పిల్లలను అడుగుట న్యాయము కాదు.

ఈ లోపమును సవరించుటకు యర్రగొండపాలెములోని ఏ ఉన్నత పాఠశాలలోనైనను ఖర్చులేని మార్గమొకటి కలదు. వారమునకు ఒక లెక్కలో అక్కరలేని సంఖ్యను ఒకదానిని చేర్చవలెను. కాపరి యొకనికి 30 మేకలు, తొట్టిలో 600 లీటర్ల నీరు, మేకకు దినమునకు 5 లీటర్లు, కాపరి వయస్సు 42. నీరెన్ని దినములు వచ్చును? నాలుగు దినములని జవాబు వచ్చిన పిమ్మట పాఠము ముగియరాదు. ఏ సంఖ్యను విడిచితివి, ఎందుకు విడిచితివి అని అడుగవలెను. ఆ మీదట, ఏ ప్రశ్నకైనచో ఆ సంఖ్యయే కావలసియుండునో చెప్పుమనవలెను. వృద్ధాప్యపు పింఛనుకు ఇంకెన్ని యేండ్లు కలవని అడిగినచో మేకలు, నీరు పక్కకు పోవును, 42 మిగులును.

జ్ఞానాధార వ్యవస్థలకు వేయవలసిన పరీక్ష కూడ ఇంతకు మించినది కాదు. నల్లమల బొమ్మలలో పులులను లెక్కించు వ్యవస్థ చిరుతలను దాచియుంచినది కనుక నెగ్గినది. మైసిన్ నీటిని ఎరుగక తప్పిపోయినది. ఒక యంత్రము ఎంత విడిచినదో గొప్పగా చెప్పబడినపుడు, విడిచినది ఏ గిన్నెలో కలదని అడుగువారు ఒకరుండవలెను. ఆ ప్రశ్న అడుగుట తరగతిలో నేర్చుకొనదగిన విద్య.